పడమటి గోడ మీది తీగ

కొత్తగా హాస్టల్ వార్డెన్లుగా చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తారు. రికార్డులు ఎట్లా రాయాలి, తనిఖీకి వచ్చిన వాళ్లకు ఏం జవాబు చెప్పాలి అని అడుగుతారు. అవి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఒకటే అడుగుతాను: మధ్యాహ్నం దాటాక మీ హాస్టల్ పడమటి గోడ మీద ఎప్పుడైనా చెయ్యి పెట్టి చూశారా? వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. రిటైరయ్యాక ఈమెకు కొంచెం మతి తప్పిందనుకుంటారు. అనుకోనివ్వండి. ఆ ప్రశ్న నాకు ఊరికే పుట్టలేదు.

నేను జనగామలో ఉద్యోగం మొదలుపెట్టి భూపాలపల్లిలో ముగించాను. నడుమ మానుకోట దగ్గర, అంటే ఇప్పటి మహబూబాబాద్ దగ్గర, లంబాడీ తండాల ఆడపిల్లల హాస్టల్‌లో కొన్నేళ్లు వార్డెన్‌గా ఉన్నాను. అప్పటికి ఈ ఊళ్లన్నీ ఒకే జిల్లా. ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరూరా టెంట్లు వేసుకుని కూర్చున్న కాలం. సాయంత్రాలు నేనూ టెంటులో మాట్లాడేదాన్ని. చిన్నప్పుడు మా నాయిన చెయ్యి పట్టుకుని చర్చాసభలకు తిరిగినదాన్ని. ఎవరు చెప్పారని అడగొద్దు, వాళ్లకెట్లా తెలిసిందని అడుగు అనేవాడాయన. ఆ అలవాటు నన్ను చాలామందికి కానిదాన్ని చేసింది. దానికి నాకు చింత లేదు.

హాస్టల్‌లో పిల్లలు పడుకునే గది ఒకటే. పొడుగాటి గది. దాని పొడుగు గోడ సరిగ్గా పడమటికి ఉండేది. బయట చెట్టు లేదు, చూరు లేదు. గోడ మొదట్లోంచే పరుపుబండ. పార దిగదు. పొద్దు వాలినకొద్దీ ఎండ ఆ గోడను, బండను కలిపి కాల్చేది. రాత్రి భోజనాల వేళకు కూడా గోడ సెగలు కక్కుతుండేది. ఫ్యాన్లు ఉన్నాయి. కరెంటు ఉంటే కదా.

మార్చి నెల. ఒంటిపూట బడులు మొదలయ్యాయి. పిల్లలు బడి నుంచి వచ్చి, తిని, ఆ గదిలోనే చదువుకుంటున్నారు. తొమ్మిదో తరగతి పిల్ల ఒకామె, ప్రతిదానికీ ఎందుకు ఎందుకు అని ప్రాణం తీసే పిల్ల, పుస్తకం పట్టుకుని లేచి అట్లాగే వెనక్కి పడిపోయింది. మరునాడు అదే వేళకు ఆమె పక్క మంచం పిల్ల పడింది. ఈమె కబడ్డీ ఆడే పిల్ల. కూతకు పోతే పట్టుకోవడానికి నలుగురు కావాలి. అట్లాంటి పిల్ల కళ్లు తేలేసింది.

ఇద్దరినీ దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు చూసి, ఎండదెబ్బ అన్నాడు. నీళ్లు తాగుతున్నారా అని అడిగాడు. పిల్లలు తల వంచుకున్నారు. మరుగుదొడ్లలో నీళ్లు రావని పొద్దంతా మంచినీళ్లు తాగడం మానేశారట. నాలుగు గోడల మధ్య ఆడపిల్ల ఒళ్లు ఎట్లా ఎండిపోతుందో ఆ రోజు తెలిసింది. మరుగుదొడ్లకు నీళ్లు పట్టించడం, గదిలో కుండలు పెట్టించడం అప్పటికప్పుడు చేశాను. గోడనేం చేయాలో తెలియలేదు.

ఈలోపు తండాలకు వేరే కబురు పోయింది. ఆ గది కింద ఒకప్పుడు ఎవరినో పాతిపెట్టారట. గాలి లేచి పిల్లలను పడుతున్నదట. తల్లిదండ్రులు వచ్చారు. నేను వాళ్ల ముందు నిలబడి, సభలో మాట్లాడినట్టే మాట్లాడాను. జూన్ నుంచి ఫిబ్రవరి దాకా పడని గాలి మార్చిలోనే ఎందుకు పట్టింది? ఒంటిపూట బడి పెట్టిన వారంలోనే ఎందుకు? దయ్యానికి మన బడి టైంటేబుల్ ఎవరిచ్చారు?

ఒక పెద్దాయన ఓపికగా విని అన్నాడు. "నువ్వు జెప్పింది నిజమే మేడం. గవి తిరిగేదే పట్టపగలు. గిన్నొద్దులు గా యాళ్లకు పిల్లలు బడిల ఉండిరి. గిప్పుడు దొరికిండ్రు."

నా వాదాన్నంతా ఎత్తుకుపోయి తన గంపలో వేసుకున్నాడు.

ఇద్దరు పిల్లలనూ ఇళ్లకు తీసుకుపోయారు. ఇద్దరినీ ఒకే మంత్రగాడి దగ్గరికి తిప్పారు. లగ్గం చేస్తే గాలి విడుస్తుందని చెప్పాడు వాడు. ఇద్దరికీ పద్నాలుగేళ్లే. వాడి నోటికి అడ్డూ ఆపూ లేదు. ఎండాకాలం సెలవులు ముగిసి జూన్‌లో నేను తాళం తీసేసరికి కబడ్డీ పిల్ల పెళ్లి అయిపోయింది. అధికారులకు చెప్పాను. అయిపోయింది కద మేడం, ఇప్పుడు మేమేం చేస్తమన్నారు.

ఎందుకు ఎందుకు అని అడిగే పిల్ల ఇంకా మిగిలి ఉంది. వాళ్ల తండాకు పోయాను. తండ్రి పట్నంలో ఇళ్లు కట్టే పనికి పోయాడు. తల్లి మిరపతోటల్లో కూలి. నన్ను కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. పిల్ల గుమ్మం పక్కన నిలబడి నన్నే చూస్తున్నది.

"చదువుకుంటే నాకు బాధ గాదు మేడం," అన్నది తల్లి. "గా గదిల సచ్చిపోతే ఎట్ల? ఉన్నదొక్క పిల్ల."

"గది సల్లబడితే పంపుతవా?"

"సల్లబడుడేంది?"

"ఎండకే పడ్డది నీ బిడ్డ. గోడ మీద ఎండ పడకుంట జేస్త."

ఆమె గుమ్మం పక్కనున్న పిల్ల వంక చూసింది. చివరికి ఒక మాట ఇచ్చింది. ఇప్పటికి పంపుతుంది. మళ్లీ మార్చిలో ఒంటిపూట బడి పెట్టినప్పుడు తానే వచ్చి మధ్యాహ్నం ఆ గదిలో కూర్చుంటుంది. ఏ కొంచెం తేడా కనబడినా పదో తరగతి పరీక్షలు ఉన్నా సరే పిల్లను తీసుకుపోతుంది. సంబంధం చూసే పెట్టారు. తీసుకుపోతే లగ్గమే.

నాకు అంత గడువు దొరికింది.

పై ఆఫీసుకు చూరు కోసం రాశాను. ఆఫీసులో సగం కుర్చీలు ఖాళీ. ఉన్నవాళ్లు కూడా రాష్ట్రం వచ్చినంక చూద్దాం మేడం అన్నారు. టెంటులో నా తోటివాళ్లూ అదే అన్నారు. రాష్ట్రం కోసం కొట్లాడుతుంటే నువ్వు గోడల గురించి మాట్లాడతవేందక్కా అని ఒక తమ్ముడు నవ్వాడు. రాష్ట్రం వచ్చేదాకా పిల్ల లగ్గం ఆగుతదా తమ్మీ అని అడిగాను. నవ్వాపాడు.

చెట్టు నాటడానికి మట్టి లేదు. నాటినా అది నీడ ఇచ్చేసరికి ఆ పిల్లకు పిల్లలు పుడతారు. మిగిలింది తీగ. అదీ బండ మీద పెట్టిన తొట్లలో పెరగాలి, ఆ సెగను తట్టుకోవాలి, వచ్చే మార్చికి గోడంతా కప్పాలి, అప్పుడు ఆకు నిలవాలి. ఏ తీగ అని వంటగది వరండాలో పెద్ద వాదమే నడిచింది.

మా వంటామెను అందరం అవ్వ అనేవాళ్లం. "బీర పెట్టు మేడం. నెలన్నరల గోడెక్కుతది. నీడకు నీడ, కూరకు కూర."

"చలికాలానికి ఎండిపోతది కదవ్వా. మనకు కావాల్సింది మార్చిల."

"మార్చిల నీడ ఉంటది, కూర ఉండదు. గదేం లెక్క?"

సాయంత్రాలు లెక్కలు చెప్పడానికి బడి నుంచి ఒక సారు వచ్చేవాడు. గుంటూరు వైపు మనిషి. నేను రోజూ టెంటులో వాళ్లవాళ్లను తిట్టి వచ్చేదాన్ని, వచ్చి ఆయనకు టీ పోసేదాన్ని. ఆయన కాగితంపూల తీగ వెయ్యమన్నాడు. "ఎండకి అది చావదండీ. నీళ్లు కూడా పెద్దగా అక్కర్లేదు." నిజమే. కానీ దానికి ముళ్లు. కిటికీల్లోంచి చేతులు చాపే పిల్లలు. పైగా ఎండ ముదిరితే పూలే మిగులుతాయి, ఆకు పలచబడుతుంది. ఆకు లేకుండా పువ్వుతో నీడ రాదు. సన్నజాజి మాట ఎవరో ఎత్తారు. దాని వాసనకు పాములు వస్తాయనీ, ఇంకేవో వస్తాయనీ తండాల్లో మళ్లీ ఒక కథ పుడుతుంది. ఉన్న దయ్యం చాలు అనుకున్నాను. మనీప్లాంట్ అన్న పిల్ల కూడా ఉంది. అది నీడలో బతికేది, ఈ గోడకు పెడితే వడియంలా ఎండుతుంది.

చివరికి రాధామనోహరం అనుకున్నాం. దట్టమైన ఆకు, ముల్లు లేదు, ఎండంటే ఇష్టం, నీళ్లు అందితే ఏడాది తిరగకముందే గోడెక్కుతుంది. జనగామలో నాకు తెలిసిన నర్సరీ నుంచి మొక్కలు తెచ్చాను.

"ఒక్క మాట మేడం," అన్నాడు లెక్కల సారు. "ఈ తీగ స్థానికమేనా? తర్వాత మీవాళ్లు వచ్చి పీకెయ్యమంటే?"

"బర్మా నుంచి వచ్చిందంటరు సారూ. మా పిల్లలకు నీడిస్తే ఉండనిస్తం."

"అయితే నేనూ కాస్త గోడకానుకుని నిలబడతా," అన్నాడు. అవ్వ పడిపడి నవ్వింది.

తొట్లకు ఇనప డ్రమ్ములు వద్దనుకున్నాం. ఎండకు ఇనుము కాగితే లోపల వేళ్లు ఉడికిపోతాయి. కొడకండ్ల దగ్గర పశువులకు కుడితి పెట్టే సిమెంటు గోలాలు పోసే ఆయన దగ్గర ఆరు కొన్నాను. నీళ్లు నింపి చూపించాడు. "సుక్క గారితే పైసలు వాపస్," అన్నాడు. ఎంత గట్టి సరుకు దొరికిందో అని మురిసిపోతూ ట్రాలీలో వేయించుకుని వచ్చాను. వాటిలో మట్టి, పెంట కలిపి నింపాం. గోడకు ఆనకుండా జానెడు దూరంలో వెదురు తడక కట్టించాను. కాలే గోడను నేరుగా పట్టుకుంటే లేత కొమ్మ మాడుతుంది. నడుమ గాలి ఆడితేనే గోడ చల్లబడుతుంది. ఇవన్నీ పుస్తకంలో చదివి చేశాను. పుస్తకంలో ఒక్కటి మరిచిపోయాను, అది ఆగస్టులో తెలిసింది.

ముసురు పట్టిన రోజులు. మొక్కలు మూర కూడా పెరగకముందే ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. ఒక్కొక్కటే రాలిపోతున్నాయి. అవ్వ నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అన్నది. "గాలి పిల్లలను ఇడిసి తీగను బట్టింది మేడం." ఆ మాట నాలుగు రోజుల్లో తండాకు చేరింది. తల్లి కబురు పెట్టింది, తీగే బతకని కాడ నా పిల్ల ఎట్ల బతుకుతదని. దయ్యం లేదని రుజువు చేయడానికి నేను పెట్టిన మొక్కే దయ్యం ఉందని సాక్ష్యం చెబుతున్నది.

ఒక పొద్దున్నే నేను గోడ వెనక్కి పోయేసరికి పాట వినబడింది. పిల్లలు బిందెలతో వరసగా నిలబడి, వాళ్ల భాషలో పాడుకుంటూ గోలాలకు నీళ్లు పోస్తున్నారు. వాన పడిన మట్టి మీద.

"రోజూ పోస్తున్నరా?"

"మూడు పూటలు పోస్తున్నం మేడం," అన్నది మేం 'ఎందుకు పిల్ల' అని పిలుచుకునే ఆ అమ్మాయి. గర్వంగానే చెప్పింది. "తీజ్‌కు పోసినట్టు."

తీజ్ అంటే తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. వానకాలంలో తండాల పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, పాటలతో మూడు పూటలా నీళ్లు పోసి మొలకలు పెంచుతారు. తొమ్మిది రోజుల పండుగ. మొలక ఎంత ఏపుగా ఎదిగితే ఆ పిల్లకు అంత మంచిదని నమ్మకం. వీళ్లు నా గోలాలను తీజ్ బుట్టలనుకుని అంతే ప్రేమగా నీళ్లు పోశారు. అల్లిన బుట్టలోంచి నీరు కారిపోతుంది. నా గోలెంలోంచి చుక్క కారదు. కారదని చూసుకునే కొన్నాను.

ఒక గోలెం పక్కకు వంచితే కుళ్లు వాసన గుప్పున కొట్టింది. వేళ్లు నల్లగా జారిపోతున్నాయి. ఆ రోజు ఎందుకు పిల్ల, నేను, అవ్వ కలిసి సుత్తి, మేకు పట్టుకుని ప్రతి గోలానికీ అడుగున రంధ్రాలు కొట్టాం. ఎన్ని ప్రశ్నలు అడిగిందో ఆ పిల్ల. నీళ్లు ఎక్కువైతే వేరు ఎందుకు చస్తది? వేరు గూడ గాలి పీలుస్తదా? మరి చెరువుల తామర ఎట్ల బతుకుతది? సగం ప్రశ్నలకు నాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పాను. నాలుగు తీగలు తేరుకున్నాయి. గోడ ఉత్తరం కొసన రెండు చచ్చిపోయాయి. అవ్వ ఆ రెండు గోలాల్లో తన బీర గింజలు పెట్టింది. నేను కాదనలేదు.

తర్వాత రాష్ట్రం కోసం సకలజనుల సమ్మె వచ్చింది. బళ్లు మూతపడ్డాయి. బొగ్గుబాయిలు ఆగిపోయి ఉన్న కరెంటూ పోయింది. పిల్లలు ఇళ్లకు పోయారు. నేను పొద్దున నీళ్లు పోసి టెంటుకు పోయేదాన్ని. ఆ యేడు బతుకమ్మను రోడ్ల మీద ఆడాం. పాటకు నేనూ అడుగేశాను, గౌరమ్మకు మొక్కలేదు. నా పక్కన ఆడేవాళ్లు దాన్ని చూసి నవ్వుకున్నారు. అవ్వ బీర పూలన్నీ బతుకమ్మకు కోసి, కోసిన చోట గోలాలకు పసుపు రాసింది. నేను తుడిచాను. ఆమె మళ్లీ రాసింది. ఆ యుద్ధం మా ఇద్దరి మధ్య చాలా రోజులు నడిచింది, ఒక్క మాట లేకుండా.

బళ్లు తెరిచారు. చలికాలానికి బీర ఎండిపోయింది. రాధామనోహరం మాత్రం తడక నిండా పాకి కిటికీల పైదాకా ఎక్కింది.

మార్చి వచ్చింది. ఒంటిపూట బడి పెట్టిన రెండో రోజు ఆ తల్లి వచ్చింది. నేరుగా లోపలికి పోయింది. గదిలో పిల్ల మంచం మీద కూర్చుంది. కరెంటు లేదు. పిల్లలు కింద కూర్చుని చదువుకుంటున్నారు. ఎందుకు పిల్ల చదువుతున్నట్టు కనబడుతున్నది కానీ పేజీ తిప్పడం లేదు. నేనూ లెక్కల సారూ గుమ్మంలో నిలబడ్డాం. నేను ఇంటర్వ్యూలకు భయపడలేదు, పోలీసులు టెంటు పీకిన రోజు భయపడలేదు. ఆ మధ్యాహ్నం భయపడ్డాను.

పొద్దు పడమటికి వాలింది. ఎవరూ పడలేదు. ఆ తల్లి లేచి గోడ మీద చెయ్యి పెట్టింది. కాసేపు అట్లాగే ఉంచింది. తర్వాత బయటికి నడిచింది. మేమూ వెంట పోయాం. ఆమె నడుము సంచిలోంచి కుంకుమ తీసి ఒక గోలానికి పెట్టి, రెండు చేతులూ జోడించింది.

"అమ్మ ఎక్కి కూసుంది మేడం," అన్నది. "గాలి పోయింది. నా బిడ్డ ఉంటది."

లెక్కల సారు నా చెవి దగ్గర అన్నాడు. "ఊరుకోండి మేడం. పిల్ల ఉంటోంది కదా. ఇంకేం కావాలి?"

ఇది చదివే మీరూ అదే అంటారని నాకు తెలుసు. నేనూ ఒక్క క్షణం ఊరుకుందామనుకున్నాను. కానీ ఆలోచించండి. దేవత దయ మీద నిలబడ్డ చదువు ఎన్నాళ్లు నిలుస్తుంది? రేపు తీగకు తెగులు వస్తుంది, నాలుగు ఆకులు రాలుతాయి. అమ్మ అలిగిందంటారు. అలిగితే ఏం చేయాలో చెప్పడానికి మంత్రగాడు సిద్ధంగా ఉన్నాడు. వాడి మందు ఏమిటో మనకు తెలుసు.

ఆమెను గోడ ఉత్తరం కొసకు తీసుకుపోయాను. బీర ఎండిపోయి గోడ బయటపడ్డ చోటు. చెయ్యి పెట్టమన్నాను. పెట్టి వెంటనే తీసుకుంది.

"ఒకటే గోడ. ఆకు ఉన్నకాడ సల్లగుంది, లేనికాడ కాలుతుంది. అంతేనమ్మా. ఇక్కడ అమ్మా లేదు, గాలీ లేదు."

ఆమె నా వంక జాలిగా చూసింది. "గీడికి అమ్మ రాలే మేడం. అందుకే కాలుతుంది."

ఏడాది కింద ఆ పెద్దాయన చేసిందే ఈమె చేసింది. సారు నేల చూస్తున్నాడు.

ఎందుకు పిల్ల ముందుకు వచ్చింది. తీగ దట్టంగా ఉన్న చోట తడకకు కట్టిన తాళ్లు విప్పి, కొమ్మలను రెండు చేతులా పక్కకు లాగి, అవ్వను పిలిచి పట్టుకోమంది. కిటికీ అంత మేర గోడ బయటపడింది. ఎండ నేరుగా దాని మీద పడింది. తల్లి చెయ్యి పట్టుకుని అక్కడ ఆనించింది. చల్లగానే ఉంది. "జర ఆగు యాడీ," అన్నది, అమ్మను వాళ్ల భాషలో పిలుస్తూ. ఎండలో అందరం నిలబడ్డాం. అవ్వ చేతులు నొస్తున్నాయని గొణిగింది. సారు పోయి అందుకున్నాడు. చాలాసేపటి తర్వాత పిల్ల మళ్లీ తల్లి చెయ్యి తీసి అదే చోట పెట్టింది. తల్లి చెయ్యి చటుక్కున వెనక్కి వచ్చింది.

పిల్ల అప్పుడు తెలుగులోనే అడిగింది, మేమందరం వినాలనేమో.

"తీగను నేను పక్కకు జరిపిన యాడీ. అమ్మనైతే నేను జరుపగల్గుదునా?"

తల్లి గోడ వంక, తన అరచెయ్యి వంక, కూతురు వంక చూసింది. వాళ్ల భాషలో ఏదో అన్నది. పిల్ల నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. తర్వాత నా వైపు తిరిగి తల్లి తెలుగులో అన్నది.

"ఎందుకు, ఎందుకు అని చిన్నప్పటిసంది నన్ను గిట్లనే సతాయిస్తది మేడం. పరీక్షలు రాయనీ. ఇంకా సదువుతానంటే సదవనీ. నేను పెట్టిన బొట్టు మాత్రం తుడవకు."

తుడవలేదు. జీవితంలో నేను వదిలిపెట్టిన బొట్టు అదొక్కటే.

పిల్ల పరీక్షలు రాసింది, పాసయింది, పై చదువుకు పోయింది. చూసిన సంబంధం వేరే ఇంటికి పోయింది. ఇక్కడితో ఆపితే ఇది నేను సభల్లో చెప్పుకోవడానికి మంచి కథ. చాలాసార్లు ఇక్కడితోనే ఆపాను కూడా.

రాష్ట్రం వచ్చింది. ఆ జూన్‌లో హాస్టల్‌లో కొత్త పిల్లలను చేర్చుకుంటున్నాం. చంకలో ఒక బిడ్డ, కొంగు పట్టుకుని ఇంకో బిడ్డతో ఒకామె తన చెల్లెను చేర్పించడానికి వచ్చింది. బక్కచిక్కి ఉంది. సంతకం పెట్టినప్పుడు చెయ్యి చూసి గుర్తుపట్టాను. ఎదుటి జట్టులో నలుగురిని ఈడ్చుకుంటూ గీత దాటే చెయ్యి. కబడ్డీ పిల్ల.

గది చూస్తానన్నది. తన మంచం ఉన్న చోటుకు పోయి నిలబడింది. బయట ఎండ మండుతున్నది, లోపల తీగ నీడ నేల మీద కదులుతున్నది. ఆమె చంకలో బిడ్డను చెల్లెకు ఇచ్చి, పడమటి గోడ మీద అరచెయ్యి ఆనించింది. చాలాసేపు తియ్యలేదు.

"గిది జర ముందుగాల పెట్టాల్సిండె మేడం," అన్నది.

నిష్ఠూరం లేదు ఆ గొంతులో. చెల్లె దగ్గరి నుంచి బిడ్డను తీసుకుని, బస్సు టైం అయిందని వెళ్లిపోయింది.